నిద్రలో పళ్లు కొరికే పిల్లలకు ఏది ఎంచుకోవాలి: ఓపికా, మాత్రా, తొడుగా, గొంతు పరీక్షా?

మా చిన్నదానికి నాలుగున్నరేళ్లు నిండాక మొదలైంది. రాత్రి రెండు గంటలకు గరగరమని చప్పుడు, తిరగలిలో చిన్న రాయి పడితే వచ్చేలాంటిది. లైటు వేసి చూస్తే హాయిగా నిద్రపోతోంది, దవడ మాత్రం అటూ ఇటూ కదులుతోంది. చెంప మీద చేయి వేస్తే ఆగింది. పది నిమిషాలకు మళ్లీ మొదలైంది. అంత చిన్న నోట్లోంచి అంత చప్పుడు ఎలా వస్తుందో తెలియక తెల్లవార్లూ దాని పక్కనే కూర్చున్నాను.

పొద్దున్నే ఇంట్లో తలా ఒక మాట. "కడుపులో పురుగులుంటాయమ్మా, ఈ రోజే మాత్ర వేయించు" అన్నారు అత్తయ్య. రాత్రిపూట పళ్లకు పెట్టే తొడుగులు ఉంటాయని మావారు ఫోనులో వెతికి చూపించారు. పక్కింటి పిన్నిగారు దిష్టి తీయమన్నారు. ఊళ్లో నర్సుగా పనిచేసే మా పిన్ని కూతురు మాత్రం ఫోనులో ఒకే ఒక ప్రశ్న అడిగింది: "అక్కా, నోరు తెరుచుకుని పడుకుంటుందా?"

నా దగ్గర జవాబు లేదు. రాత్రంతా పళ్ల చప్పుడే విన్నాను గాని ఊపిరి వినలేదు.

పళ్లు పటపట కొరకడం మన మాటల్లో కోపానికి గుర్తు. అందుకేనేమో, పిల్లలు నిద్రలో కొరికితే లోపల ఏదో కసి ఉందని, భయం ఉందని పెద్దవాళ్లు కంగారు పడతారు. నిజానికి నిద్ర తేలికపడే క్షణాల్లో మెదడు సగం మేలుకుంటుంది. ఆ కాసేపట్లో దవడ కండరాలు బిగుసుకుని పళ్లు రాసుకుంటాయి. ఇది పిల్లలకు తెలిసి జరగదు, వాళ్లు ఆపుకోలేరు. కాబట్టి "రాత్రంతా పళ్లు కొరికావు" అని పొద్దున్నే మందలించకండి. ఆ మెదడును మాటిమాటికీ సగం లేపుతున్నది ఏమిటని ఆలోచించండి. ముక్కు దిబ్బడా, నిద్ర చాలకపోవడమా, కొత్తగా బడిలో చేరిన బెంగా, మొలుస్తున్న పన్నా? లేక ఏమీ లేదా? చాలామంది పిల్లల్లో ఏ కారణమూ కనబడదు. వయసుతోపాటే తగ్గిపోతుంది.

## ముందు చూసుకోవలసిన విషయాలు

ఏ దారి ఎంచుకోవాలన్నా ముందు రెండు మూడు రాత్రులు మెలకువగా గమనించాలి. ఇందుకు ఖర్చేమీ కాదు, నిద్ర మాత్రం పోతుంది.

ఊపిరి. పిల్లలు పడుకున్న గంటకు ఒకసారి, తెల్లవారుజామున మూడు నాలుగు గంటల మధ్య ఇంకోసారి పక్కన కూర్చుని వినండి. తెల్లవారుజామున కలల నిద్ర ఎక్కువ. గొంతులో అడ్డంకి ఉంటే అప్పుడే బాగా బయటపడుతుంది. వారంలో మూడు రాత్రులకు మించి గురక వస్తోందా? నోరు తెరుచుకుని ఉంటోందా? ఊపిరి ఒక్క క్షణం ఆగి, ఉలిక్కిపడినట్టు మళ్లీ అందుకుంటోందా? మెడ వెనక్కి విరిచి పడుకుంటోందా? జలుబు లేని రోజుల్లోనే చూడాలి, జలుబు చేస్తే ఎవరైనా గురక పెడతారు. ఫోనులో రెండు నిమిషాల వీడియో తీయండి. ముఖంతో పాటు ఛాతీ కూడా కనబడాలి, చొక్కా పైకి జరిపి తీస్తే ఇంకా మంచిది. డాక్టరు ముందు పావుగంట వర్ణించినా రాని స్పష్టత ఆ రెండు నిమిషాల్లో వస్తుంది.

పళ్లు. పగటి వెలుతురులో, కిటికీ దగ్గర నోరు తెరిపించి చూడండి. ముందుగా కోరపళ్ల మొనలు చూడాలి. పాలపళ్లలో అరుగుదల తేలిగ్గా కనబడేది అక్కడే: కోసుగా ఉండవలసిన మొన బల్లపరుపుగా ఉంటుంది. కొంత అరగడం మామూలే. అరిగిన చోట మధ్యలో పసుపు మచ్చ కనబడితే పైపొర పోయి లోపలి పొర తేలిందని అర్థం. పాలపళ్ల ఎనామెల్, అంటే ఆ పైపొర, శాశ్వత దంతాల ఎనామెల్‌లో దాదాపు సగం మందమే ఉంటుంది.

పొద్దున్న. లేవగానే తలనొప్పి అంటోందా? దవడ, చెవి దగ్గర నొప్పి అంటోందా? చల్లనీళ్లు తాగితే ముఖం చిట్లిస్తోందా? పన్నెండు గంటలు పడుకున్నా విసుగ్గా, అలసటగా లేస్తోందా?

వయసు. మూడేళ్ల లోపు పళ్లు ఇంకా వస్తుంటాయి, కొత్త పన్నును పిల్లలు రుద్ది చూసుకుంటారు. ఆరేళ్లకు మొదటి శాశ్వత దవడ పన్ను వస్తుంది, ముందు పాలపళ్లు ఊడటం మొదలవుతుంది. పాల దవడపళ్లు మాత్రం పది నుంచి పన్నెండేళ్ల వరకు ఉండాలి. కాబట్టి ఆరేళ్ల పిల్లకు ముందు పన్ను అరిగితే అంత దిగులు అక్కరలేదు. నాలుగేళ్లకే దవడపన్ను అరిగితే అది ఇంకా ఆరేళ్లకు పైగా పనిచేయవలసిన పన్ను.

మేలుకుని ఉన్నప్పుడు. పగలు కూడా కొరుకుతుంటే అది వేరే విషయం. ఆటిజం, డౌన్ సిండ్రోమ్, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో పగటి కొరుకుడు ఎక్కువగా కనబడుతుంది. ఏకాగ్రత కోసం ఇచ్చే కొన్ని మందులతోనూ, ఆందోళన తగ్గించే కొన్ని మందులతోనూ ఇది మొదలుకావచ్చు. అలాంటప్పుడు మందు మీరే ఆపేయకుండా, రాసిన డాక్టరుకు చెప్పండి.

దవడ కదలికతో పాటు చేతులు కాళ్లు లయగా కొట్టుకోవడం, కళ్లు పైకి తిరగడం, పిలిచినా కదిలించినా స్పందించకపోవడం ఉంటే ఇక ఏ పోలికా అక్కరలేదు. అది మూర్ఛ కావచ్చు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

## మొదటి దారి: వేచి చూడటం

గురక లేదు, నొప్పి లేదు, పళ్లు పెద్దగా అరగలేదు, పిల్ల పొద్దున్నే ఉల్లాసంగా లేస్తోంది. అలాంటి ఇంటికి ఇదే సరైన దారి. శాశ్వత దంతాలు వచ్చేకొద్దీ చాలామందిలో దానంతటదే తగ్గుతుంది.

వేచి చూడటమంటే మరిచిపోవడం కాదు. నెలకోసారి అదే కిటికీ దగ్గర కోరపళ్ల ఫొటో తీసి పెట్టుకోండి. కంటితో చూస్తే రోజూ ఒకేలా ఉంటుంది, మూడు నెలల ఫొటోలు పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. పళ్ల డాక్టరు దగ్గరికి ఆరు నెలలకోసారి ఎలాగూ వెళ్లాలి, అప్పుడు ఈ ఫొటోలు చూపించండి.

ఈ దారిలో కష్టం మనకే. పక్కన పడుకుని ఆ చప్పుడు వింటూ ఊరుకోవాలి. చప్పుడు ఎంత పెద్దగా ఉంటే హాని అంత ఎక్కువ అనుకుంటాం గాని అలా ఏమీ లేదు. పెద్ద చప్పుడు చేసే పిల్లల పళ్లు చెక్కుచెదరకుండా ఉండవచ్చు. చప్పుడు లేకుండా దవడ బిగించే పిల్లల పళ్లు అరగవచ్చు.

## రెండో దారి: నిద్రను సరిచేయడం

మిగతా దారుల్లో దేనిలో వెళ్లినా ఇది కూడా చేయాలి. లెక్క వేసి చూడండి. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. ఆరు నుంచి పన్నెండేళ్ల వారికి 9 నుంచి 12 గంటలు. టీవీ కట్టేసి, అన్నాలు తిని, పక్కలు వేసేసరికి మన ఇళ్లలో రాత్రి పదిన్నర. బడి బస్సు కోసం పొద్దున్న ఆరున్నరకు లేపుతాం. అంటే ఎనిమిది గంటలు. ఐదేళ్ల పిల్లకు రోజూ రెండు గంటల అప్పు. అలిసిపోయిన మెదడు స్థిమితంగా నిద్రపోదు, మాటిమాటికీ తేలిపోతుంది. అలా తేలినప్పుడే దవడ కదులుతుంది.

మా ఇంట్లో తెలిసి వచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. సాయంత్రం ఆరింటికి తాతయ్యతో పాటు చిన్నది సగం గ్లాసు టీ తాగేది, బిస్కెట్లు ముంచుకుని. ఆ ముచ్చట మానిపించడానికి నాకే మనసు రాలేదు. చివరికి మామయ్యగారే "ఇద్దరం పాలే తాగుదాం" అని తమ టీ కూడా మానుకున్నారు. టీ, కాఫీ, కోలాల్లో ఉండే కెఫీన్ చిన్న పిల్లల నిద్రను గంటల తరబడి పలచన చేస్తుంది. పుల్లని కూల్‌డ్రింకులైతే ఇంకో నష్టం: ఆమ్లం ఎనామెల్‌ను మెత్తబరుస్తుంది, మెత్తబడిన పన్ను రాపిడికి తొందరగా అరుగుతుంది.

పడుకునే ముందు గంటసేపు ఫోను, టీవీ వద్దు. ఆ గంటలో మెల్లగా మాట్లాడండి. కొత్త బడి, ఇంట్లో పుట్టిన తమ్ముడు, పెద్దవాళ్ల గొడవలు, ఏదైనా సరే పిల్లలు వెలుతురులో చెప్పనిది చీకట్లో పక్కన పడుకున్నప్పుడు చెబుతారు. ఈ దారికి ఖర్చు లేదు, హాని లేదు. ఫలితం రావడానికి మాత్రం మూడు నాలుగు వారాలు పడుతుంది, ఇంటిల్లిపాదీ కలిసి రావాలి. అందరూ ఒకే గదిలో పడుకునే ఇంట్లో పిల్ల కోసం పెద్దవాళ్లూ తొమ్మిదింటికే దీపం ఆర్పాలి. అది చిన్న మాట కాదు.

## మూడో దారి: నులిపురుగుల మాత్ర

అత్తయ్య మాటను తీసిపారేయకండి, పూర్తిగా నమ్మనూ వద్దు. పురుగుల వల్లే పళ్లు కొరుకుతారనడానికి ఖాయమైన రుజువు లేదు. మాత్ర వేశాక తగ్గిందని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. అయితే ఈ కొరుకుడు కొన్ని వారాలు వచ్చి, కొన్ని వారాలు తగ్గి, మళ్లీ వస్తుంది. తగ్గే వారంలో ఏది వేసినా దానికే పేరు వస్తుంది.

మాత్ర మాత్రం పిల్లలకు వేరే కారణాలతో అవసరమే. పేగుల్లో పురుగులు రక్తహీనతను పెంచుతాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో ఐదేళ్ల లోపు పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. 2015లో మొదలైన జాతీయ నులిపురుగుల నివారణ దినం కింద ఏటా ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో అంగన్‌వాడీల్లో, బడుల్లో ఆల్బెండజోల్ ఉచితంగా ఇస్తారు. ఒకటి నుంచి రెండేళ్ల వారికి అర మాత్ర, అంటే 200 మిల్లీగ్రాములు. రెండేళ్లు దాటితే 400 మిల్లీగ్రాముల పూర్తి మాత్ర. చిన్నవాళ్లకు పొడి చేసి నీళ్లలో కలిపి ఇవ్వాలి, పెద్దవాళ్లు నమిలి మింగాలి. ఆ రోజు బడికి వెళ్లకపోతే తర్వాత వచ్చే అదనపు రోజున ఇస్తారు.

కాబట్టి బడిలో వేశారో లేదో ముందు కనుక్కోండి. వేసి ఉంటే పళ్ల కోసమని మళ్లీ వేయనక్కరలేదు. రాత్రిళ్లు మలద్వారం దగ్గర దురదపెట్టి నిద్రలో గోకుతోంటే, సన్నని తెల్లదారం ముక్కల్లాంటివి కనబడితే అది నిజంగా పురుగుల నిద్రాభంగమే. అప్పుడు డాక్టరును అడిగి ఇంట్లో అందరూ కలిసి వాడాలి, రెండు వారాలకు మళ్లీ ఒక మోతాదు అవసరమవుతుంది. గోళ్లు కత్తిరించి, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకకపోతే పురుగులు తిరిగి వస్తాయి.

పెద్దవాళ్లు దిష్టి తీస్తామంటే తీయనివ్వండి, దానివల్ల హాని లేదు. దాన్నే నమ్ముకుని గురకను వదిలేస్తే మాత్రం హాని ఉంది.

## నాలుగో దారి: పళ్ల డాక్టరు, తొడుగు

పళ్ల డాక్టరుకు చూపించడం వేరు, తొడుగు పెట్టించడం వేరు. మొదటిది చాలామందికి మంచిది, రెండోది చిన్నపిల్లల్లో చాలా కొద్దిమందికే.

పెద్దవాళ్లకు నైట్ గార్డు బాగా పనికొస్తుంది కదా, పిల్లలకు ఎందుకు వద్దంటారు? దవడ ఎదుగుతోంది. పాలపళ్లు ఊడుతూ కొత్తవి వస్తుంటాయి. ఈ నెల తీసిన అచ్చుకు చేసిన తొడుగు కొన్ని నెలలకే బిగుతైపోతుంది, మళ్లీ కొత్తది చేయించాలి. దవడ ఎదుగుదలకు అడ్డం పడే అవకాశమూ ఉంటుంది. మూడు నాలుగేళ్ల పిల్ల నిద్రలో తీసి నోట్లోనే వదిలేస్తే గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. వేడినీళ్లలో మెత్తబరచి కొరికించే రెడీమేడ్ తొడుగులు ఆన్‌లైనులో దొరుకుతాయి. వాటిని చిన్నపిల్లలకు వాడవద్దని గట్టిగా చెబుతాను. ఇంకో మాట: తొడుగు పన్నును కాపాడుతుంది గాని కొరుకుడును మాన్పదు.

దవడపళ్లు బాగా అరిగి నొప్పి పెడుతుంటే పిల్లల దంత వైద్యులు స్టీలు క్యాపులు వేస్తారు. వెండి రంగులో మెరుస్తాయని తల్లిదండ్రులు ఇష్టపడరు గాని, పన్ను ఊడే వయసు వరకు నిలిచే మంచి రక్షణ అది. పదేళ్లు దాటాక, శాశ్వత దంతాలు అరుగుతుంటే, అప్పుడు తొడుగు గురించి ఆలోచించవచ్చు.

హైదరాబాదు అఫ్జల్‌గంజ్, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ దంత వైద్య కళాశాలలు ఉన్నాయి. ఖర్చుకు వెనకాడేవారు అక్కడ చూపించుకోవచ్చు. దూరపు ఊళ్లవారు అంగన్‌వాడీలకు, బడులకు వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాన్ని అడగండి. 2013 నుంచి నడుస్తున్న ఆ పథకంలో పిల్లల పళ్ల పరీక్ష కూడా భాగమే.

## ఐదో దారి: ముక్కు, గొంతు పరీక్ష

గురక ఉన్న ఇంటికి ముందు వెళ్లవలసిన దారి ఇదే. మూడు నుంచి ఏడేళ్ల మధ్య ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్, గొంతులో టాన్సిల్స్ అనే మెత్తని కండలు బాగా పెద్దవవుతాయి. ఊపిరి దారి ఇరుకవుతుంది. గాలి చాలనప్పుడల్లా మెదడు ఉలిక్కిపడి సగం లేస్తుంది, దవడ కదులుతుంది. పళ్లు కొరికే పిల్లల్లో గురక, నోటితో ఊపిరి తీయడం ఎక్కువగా కనబడటానికి ఇదొక కారణం.

దీన్ని వదిలేస్తే నష్టం పళ్లకే పరిమితం కాదు. రాత్రి గాఢనిద్ర లేని పిల్ల పగలు మందకొడిగా ఉంటుందనుకుంటాం. తీరా చూస్తే చికాకుగా, కుదురు లేకుండా ఉంటుంది. బడిలో అల్లరి అని పేరు పడుతుంది. కొందరిలో పక్క తడపడం, బరువు పెరగకపోవడం కూడా కనబడతాయి.

పరీక్ష అనగానే ఆపరేషన్ అని భయపడవద్దు. అలర్జీ వల్ల ముక్కు దిబ్బడ ఉంటే ముందు దానికే మందు ఇస్తారు. అడినాయిడ్స్ మోస్తరుగా ఉంటే కొన్ని వారాలు ముక్కు స్ప్రే వాడి చూస్తారు. ఊపిరి ఆగుతోందన్న అనుమానం బలంగా ఉంటే నిద్ర పరీక్ష చేయిస్తారు. అడ్డంకి తీవ్రంగా ఉన్నప్పుడే ఆపరేషన్. అది జరిగాక చాలామంది పిల్లల్లో కొరుకుడు కూడా తగ్గుతుంది, అందరిలోనూ కాదు. హైదరాబాదు కోఠిలోనూ, విశాఖ పెదవాల్తేరులోనూ ప్రభుత్వ చెవి ముక్కు గొంతు ఆసుపత్రులున్నాయి.

చప్పుడు భరించలేక జలుబు సిరప్ పట్టి పిల్లను మత్తుగా పడుకోబెట్టడం కొన్ని ఇళ్లలో చూశాను. దయచేసి ఆ పని చేయకండి. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందులను నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడకూడదన్న హెచ్చరికను సీసాల మీద ముద్రించాలని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. ఊపిరి అడ్డంకి ఉన్న పిల్లకు మత్తు మరింత ప్రమాదం.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| దారి | ఎవరికి | ఏం తీరుతుంది | ఏం తీరదు |
|---|---|---|---|
| వేచి చూడటం | గురక, నొప్పి, అరుగుదల లేనివారికి | అనవసర మందులు, ఖర్చు తప్పుతాయి | చప్పుడు వెంటనే ఆగదు |
| నిద్ర సరిచేయడం | అందరికీ | అలసట, చికాకు. కొందరిలో కొరుకుడు | గొంతు అడ్డంకి |
| నులిపురుగుల మాత్ర | బడిలో వేయని వారికి, రాత్రి దురద ఉన్నవారికి | పురుగులు, దురద | కొరుకుడు తగ్గుతుందన్న హామీ లేదు |
| దంత పరీక్ష, క్యాపు | పసుపు మచ్చ, జివ్వుమనే నొప్పి ఉంటే | పన్ను నిలుస్తుంది | కొరికే కారణం |
| రాత్రి తొడుగు | పదేళ్లు దాటి, శాశ్వత దంతాలు అరుగుతుంటే | పళ్లకు రక్షణ | కొరుకుడు |
| ముక్కు, గొంతు పరీక్ష | జలుబు లేకున్నా గురక ఉంటే | ఊపిరి, నిద్ర. చాలామందిలో కొరుకుడు | ఇప్పటికే అరిగిన పన్ను |

## ఏ ఇంటికి ఏది

రెండు మూడేళ్ల బిడ్డ, కొత్త పళ్లు వస్తున్నాయి, ఊపిరి నిశ్శబ్దంగా ఉంది. మీరేమీ చేయనక్కరలేదు.

నాలుగైదేళ్ల పిల్ల, ఈ జూన్‌లోనే బడిలో చేరింది, కొరుకుడూ అప్పుడే మొదలైంది. నెల రోజులు నిద్ర వేళలు సరిచేయండి, పడుకునే ముందు కబుర్లు చెప్పనివ్వండి. పళ్ల డాక్టరుకు ఒకసారి చూపించి, ఫొటోలు తీసుకుంటూ ఉండండి.

గురక ఉంటే వయసు ఎంతైనా నెల రోజులు ఆగవద్దు. వీడియో తీసుకుని పిల్లల డాక్టరు దగ్గరికో, చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికో వెళ్లండి. గురకా ఉండి, పళ్లూ అరిగి, చేతిలో ఒక్క ఆసుపత్రికే డబ్బుంటే నా ఓటు ఊపిరికే. పన్ను కొన్నాళ్లు ఆగగలదు. పసుపు మచ్చతో పాటు నొప్పి కూడా ఉంటే మాత్రం రెండూ చూపించాలి, ఆ పిల్ల అన్నం కూడా నమలలేదు.

ఉద్యోగాల వల్ల రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరే తల్లిదండ్రులకు నిద్ర వేళ మార్చమనడం తేలిక కాదని నాకు తెలుసు. అమ్మా నాన్నా వచ్చేదాకా పిల్లలు పడుకోరు. అలాంటి ఇంట్లో శనివారాలు, ఆదివారాలు పగలు కునుకు తీయించడం, మిగతా రోజుల్లో సాయంత్రం టీ, రాత్రి టీవీ మానిపించడం వరకైనా మొదలుపెట్టండి.

మా చిన్నది నోరు తెరుచుకునే పడుకునేది. మూడో రాత్రి తెల్లవారుజామున, టార్చి పక్కకు తిప్పి వింటే, కొరుకుడుకు కొన్ని క్షణాల ముందు సన్నని గురక, ఆ తర్వాత చిన్న నిశ్శబ్దం, ఆపై గరగర. అడినాయిడ్స్ కొద్దిగా పెరిగాయన్నారు. డాక్టరు రాసిన స్ప్రే, ఎనిమిదిన్నరకే నిద్ర, టీకి బదులు పాలు. రెండు నెలలకు గురక పోయింది. కొరుకుడు మూడు వంతులు తగ్గింది. ఇప్పుడు దానికి ఏడో ఏడు, ముందు పళ్లు రెండు ఊడాయి, కోరపన్ను మొన ఫొటోలో నిరుడు ఉన్నట్టే ఉంది.

నిన్న రాత్రి మళ్లీ కొరికింది. లేచి, చీకట్లో కాసేపు ఊపిరి విన్నాను. మెత్తగా, ముక్కుతోనే తీస్తోంది. దుప్పటి కప్పి వచ్చి పడుకున్నాను.